ఆ రాత్రి తర్వాత ఇది ఎన్నో రోజు?

తెలుగులో సైన్స్ రాసేవాళ్లకు పాఠకుల నుంచి వచ్చే సందేశాల్లో ఒక రకం ఉంది. దాదాపు ఎప్పుడూ రాత్రి పదకొండు దాటాకే వస్తుంది. ‘మా ఫ్రెండ్ ఒకతనికి చిన్న డౌటండీ’ అని మొదలవుతుంది. నాలుగో వాక్యానికల్లా ఆ ఫ్రెండ్ మాయమై ‘నాకు’ వచ్చేస్తుంది. కొద్దిరోజుల కిందట ఒక కలయిక. కండోమ్ చిరిగింది, లేదా వాడలేదు, లేదా వాడిందీ లేనిదీ సరిగ్గా గుర్తులేదు. ఆ తర్వాత నాలుగో రోజు నుంచి గొంతులో గరగర, నాలుక మీద తెల్లటి పూత, తొడల్లో మంట. మెడ పక్కన బఠాణీ గింజంత ఏదో తగులుతోంది, నొక్కితే నొప్పి. ఛాతీ మీద మూడు పొక్కులు, వాటి ఫొటో కూడా పంపుతారు. హెచ్‌ఐవీ పరీక్ష చేయిస్తే నెగెటివ్ వచ్చింది. నమ్మకం కుదరక ఇంకో ల్యాబ్‌లో చేయిస్తే మళ్లీ నెగెటివ్. ‘అయినా లక్షణాలు పోవడం లేదు. ఇది ఏమై ఉంటుందండీ?’

ఊళ్లు మారతాయి, ఉద్యోగాలు మారతాయి, సందేశం ఆకారం మాత్రం మారదు. ఇలాంటివి ఎన్నో చదివాక నాకు ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. ఒంట్లో ఎక్కడెక్కడ ఏమేం అనిపిస్తోందో పేజీలకొద్దీ రాస్తారు. ఆ కలయిక జరిగి ఎన్ని రోజులైంది, పరీక్ష ఎన్నో రోజున జరిగింది, అది ఏ రకం పరీక్ష అన్న మూడు ముక్కలు మాత్రం అడిగితే గానీ చెప్పరు. నేను డాక్టర్ని కాదు, చదివింది ఫిజిక్స్. కాబట్టి వాళ్లకు ఏ జబ్బు ఉందో లేదో నేను చెప్పకూడదు, చెప్పను. అయితే వాళ్ల ప్రశ్నలో సగం వైద్యానికి సంబంధించింది, మిగతా సగం కొలతకు సంబంధించింది. దేనితో కొలిచాం, ఎప్పుడు కొలిచాం, ఆ పరికరం నిజానికి దేన్ని పట్టుకుంటుంది? ఈ రెండో సగం గురించి మన దగ్గర ఎవరూ వాళ్లకు చెప్పడం లేదన్నదే నా ఫిర్యాదు.

ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్‌లో గీగర్-ముల్లర్ కౌంటర్ ముందు కూర్చున్నవాళ్లకు తెలుసు: రేడియోధార్మిక పదార్థం ఏదీ గదిలో లేకపోయినా ఆ పెట్టె టిక్కు టిక్కుమంటూనే ఉంటుంది. నేల, గోడలు, ఆకాశం నుంచి దిగే కాస్మిక్ కిరణాలు అన్నీ కలిసి ఆ టిక్కులు ఇస్తాయి. దాన్ని బ్యాక్‌గ్రౌండ్ కౌంట్ అంటారు. ప్రయోగంలో మొదటి పని దాన్ని కొలిచి నోట్‌బుక్‌లో రాసుకోవడం. అది చేయకుండా నేరుగా పదార్థాన్ని పెట్టి లెక్కపెడితే, వచ్చిన ప్రతి టిక్కూ ఆ పదార్థం నుంచే వచ్చిందనిపిస్తుంది.

శరీరానికీ ఇలాంటి టిక్కులు ఉంటాయి. ఏ జబ్బూ లేని మనిషికి కూడా ఏదో ఒక చోట దురద, ఎక్కడో ఒక మంట, నిద్రలేని రాత్రి తర్వాత నాలుక మీద పూత, గడ్డం గీసుకున్నాక మెడ దగ్గర చిన్న గ్రంథి వాపు మామూలే. చంకల్లో, మెడలో, గజ్జల్లో లింఫ్ గ్రంథులు అందరికీ ఉంటాయి, సన్నగా ఉన్నవాళ్లకు చేతికి తగులుతాయి కూడా. రోజుకు ఇరవైసార్లు నొక్కితే అవి నొప్పి పెట్టకుండా ఎలా ఉంటాయి? ఆ రాత్రికి ముందు వారం ఇవన్నీ ఎవరూ లెక్కపెట్టలేదు. ఆ రాత్రి తర్వాత ప్రతి టిక్కూ ఒకే చోటి నుంచి వచ్చినట్టు వినిపిస్తుంది. అనుమానం పెనుభూతం అన్న సామెత ఊరికే పుట్టలేదు. పైగా భయానికి దాని సొంత టిక్కులు ఉన్నాయి: నోరు ఎండిపోవడం, గుండెదడ, చెమటలు, విరేచనాలు, కండరాలు బిగుసుకుని తొడల్లో, పొత్తికడుపు కింద నొప్పి. ఇవి ఊహలు కావు, నిజంగానే ఒంట్లో జరుగుతాయి. అందుకే ‘అదంతా నీ భ్రమ’ అంటే ఎవరికీ ధైర్యం రాదు.

పెద్ద చిక్కు ఏమిటంటే, హెచ్‌ఐవీ కొత్తగా సోకినప్పుడు కనిపించే లక్షణాల జాబితా కూడా ఈ టిక్కుల జాబితాలాగే ఉంటుంది. జ్వరం, గొంతునొప్పి, ఒళ్లునొప్పులు, దద్దుర్లు, గ్రంథుల వాపు సాధారణంగా సోకిన రెండు నుంచి నాలుగు వారాల్లో వస్తాయి. అందరికీ రావు. వచ్చినా ఫ్లూ జ్వరానికీ, డెంగీ మొదటి రోజులకూ, మామూలు వైరల్ జ్వరానికీ తేడా కనిపెట్టడం ఎంత అనుభవం ఉన్న డాక్టర్‌కైనా కష్టం. వానాకాలంలో మన ఊళ్లలో ఇంటికొకరు ఈ లక్షణాలతోనే మూలుగుతుంటారు. కాబట్టి లక్షణాలు చూసి హెచ్‌ఐవీ ఉందనడం ఎంత తప్పో, లక్షణాలు లేవని హెచ్‌ఐవీ లేదనడమూ అంతే తప్పు. ఈ విషయంలో శరీరం రెండు వైపులా దొంగసాక్ష్యం చెబుతుంది.

సిఫిలిస్ దీనికి మంచి ఉదాహరణ. దాని మొదటి గుర్తు పుండు. సోకిన పది రోజుల నుంచి తొంభై రోజుల మధ్య ఎప్పుడైనా రావచ్చు, సగటున మూడు వారాలకు వస్తుంది. చాలాసార్లు నొప్పే ఉండదు. నొప్పి లేదు కాబట్టి పట్టించుకోరు. స్త్రీలలో లోపలివైపు వస్తే కనిపించనే కనిపించదు. మూడు నుంచి ఆరు వారాల్లో మందు వాడకపోయినా దానంతటదే మానిపోతుంది. మానిపోయింది కదా అని మనిషి ఊపిరి పీల్చుకుంటాడు. సూక్ష్మజీవి మాత్రం రక్తంలోకి చేరి, కొన్ని వారాల తర్వాత అరచేతుల్లో, అరికాళ్లలో కూడా మచ్చలుగా బయటపడుతుంది. అదీ మాయమవుతుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి నిశ్శబ్దం. దురద పెట్టి, మంట పుట్టి, నిద్ర చెడగొట్టే లక్షణం ఉన్నవాడు పరీక్షలకు పరిగెడతాడు. నొప్పి లేని పుండు మానిపోయినవాడు పరిగెత్తడు. పరిగెత్తాల్సింది రెండోవాడు.

భయం తప్పు దిక్కుకు చూస్తుందనడానికి ఒక లెక్క చెబుతాను. చికిత్స తీసుకోని హెచ్‌ఐవీ ఉన్న స్త్రీతో కండోమ్ లేకుండా ఒక్కసారి యోని సంభోగం జరిగితే పురుషుడికి సోకే అవకాశం సగటున 10,000లో 4 అని పరిశోధకుల అంచనా. హెచ్‌ఐవీ ఉన్న పురుషుడి నుంచి స్త్రీకి అయితే 10,000లో 8. ఆసన మార్గంలో స్వీకరించే భాగస్వామికి ఇది చాలా ఎక్కువ, 10,000లో 138. ఇవి సగటులు మాత్రమే. జననాంగాల మీద పుండ్లు ఉన్నా, భాగస్వామికి కొత్తగా సోకిన రోజులైనా ముప్పు బాగా పెరుగుతుంది. భాగస్వామి మందులు క్రమం తప్పకుండా వాడుతూ రక్తంలో వైరస్ కనిపించని స్థాయికి చేరి ఉంటే లైంగికంగా అసలు సోకదు. ఇక గనేరియా సంగతి చూడండి. అది ఉన్న స్త్రీతో ఒక్క కలయికలో పురుషుడికి అంటుకునే అవకాశం అయిదింట ఒక వంతు ఉంటుందని పాత అధ్యయనాలు లెక్కగట్టాయి. అంటే 10,000లో 2,000. స్త్రీకి పురుషుడి నుంచి అంటుకునే అవకాశం ఇంకా ఎక్కువ. 4 ఎక్కడ, 2,000 ఎక్కడ? అయినా నాకు వచ్చే సందేశాల్లో గనేరియా, క్లమీడియా పేర్లు దాదాపు కనిపించవు. ఎనిమిదిసార్లు హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకుని ఒక్కసారి కూడా మూత్రపరీక్ష గురించి అడగని వాళ్లున్నారు. ఎయిడ్స్ అంటే మరణం అని చెప్పిన ఎనభై, తొంభైల నాటి గోడరాతలు మన బుర్రల్లోంచి ఇంకా చెరిగిపోలేదు మరి. ఇప్పుడు హెచ్‌ఐవీ రోజుకో మాత్రతో అదుపులో ఉండే ఇన్ఫెక్షన్, ఆ మాత్రలు ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రాల్లో ఉచితం.

ఇప్పుడు తేదీల సంగతి. గీగర్ కౌంటర్‌కు ఇంకో గుణం ఉంది. ఒక కణాన్ని నమోదు చేశాక సెకనులో పదివేలో వంతు సేపు అది చచ్చినట్టే. ఆ సమయంలో ఏది వచ్చినా దానికి కనబడదు. దాన్ని డెడ్ టైమ్ అంటారు. ఆ సేపట్లో టిక్కు రాలేదంటే కణం రాలేదని అర్థం కాదు. రక్తపరీక్షలకూ డెడ్ టైమ్ ఉంది, కాకపోతే వారాల్లో. వైద్యులు దాన్ని విండో పీరియడ్ అంటారు. ఇన్ఫెక్షన్ సోకినా, పరీక్ష పట్టుకునే పదార్థం రక్తంలో తగినంత పేరుకోని కాలం అది.

యాంటీబాడీని మాత్రమే వెతికే హెచ్‌ఐవీ పరీక్షలు సోకిన 23 నుంచి 90 రోజుల మధ్య పట్టుకోగలుగుతాయి. వేలి నుంచి చుక్క రక్తం తీసి చేసే ర్యాపిడ్ పరీక్షలను కూడా ఈ 90 రోజుల లెక్కలోనే చూసుకోవాలి. యాంటీబాడీతో పాటు వైరస్‌లోని పి24 అనే ప్రొటీన్‌ను కూడా వెతికే నాలుగో తరం పరీక్షను సిర నుంచి తీసిన రక్తంతో ల్యాబ్‌లో చేస్తే 18 నుంచి 45 రోజుల్లో పట్టుకుంటుంది. వైరస్ జన్యుపదార్థాన్నే వెతికే నాట్ పరీక్ష 10 నుంచి 33 రోజుల్లో. కాబట్టి నాలుగో రోజు వచ్చిన నెగెటివ్‌కు ఒకే అర్థం ఉంది: పరీక్ష రోజు నుంచి విండో పీరియడ్‌ను వెనక్కి లెక్కగడితే వచ్చే తేదీకి ముందు మీకు హెచ్‌ఐవీ సోకలేదు. ఆ రాత్రి గురించి అది ఒక్క మాట కూడా చెప్పదు. అదే పరీక్ష నాలుగో తరందై, 45 రోజులు దాటాక నెగెటివ్ వస్తే, ఆ మధ్యలో కొత్త ముప్పేదీ లేకపోతే, ఆ రాత్రి లెక్క ముగిసినట్టే. గొంతు ఇంకా గరగరమంటుంటే ఈఎన్‌టీ డాక్టర్‌ను కలవాలి.

గనేరియా సోకిన పురుషులకు లక్షణాలు వస్తే సాధారణంగా రెండు నుంచి ఏడు రోజుల్లో చీము, మూత్రంలో మంట వస్తాయి. క్లమీడియాకు ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది, చాలామందికి లక్షణాలే ఉండవు. లక్షణాలు లేనివాళ్లు మూత్రంతో చేసే నాట్ పరీక్షను రెండు వారాల తర్వాత చేయించుకోవడం మేలు. సిఫిలిస్ రక్తపరీక్షకు మూడు నెలల దాకా ఆగితేనే పూర్తి భరోసా. పుండు ఉంటే మాత్రం ఆగకూడదు, అదే రోజు డాక్టర్‌కు చూపించాలి.

ఒక్క విషయంలో మాత్రం రోజులు కూడా కాదు, గంటలు లెక్క. హెచ్‌ఐవీ ముప్పు నిజంగా ఉన్న కలయిక జరిగితే 72 గంటల్లోపు పెప్ అనే మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడితే వైరస్ నిలదొక్కుకోకుండా ఆపే అవకాశం చాలా ఎక్కువ. ఎంత ముందు మొదలుపెడితే అంత మంచిది. 73వ గంట తర్వాత దానివల్ల ఉపయోగం ఉండదని భావిస్తారు. విశాఖ కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్, హైదరాబాద్ ఉస్మానియా, గాంధీ లాంటి పెద్దాసుపత్రులన్నిటిలో ఏఆర్‌టీ కేంద్రాలున్నాయి. రాత్రివేళ అయితే అత్యవసర విభాగంలో అడగాలి. పెప్ వాడినవాళ్లకు పరీక్ష తేదీలు మారతాయి, అవి ఇచ్చిన డాక్టరే చెబుతారు. నా దగ్గరికి వచ్చే సందేశాల్లో నన్ను నిజంగా బాధపెట్టేవి అయిదో రోజునో ఆరో రోజునో వచ్చేవి. మొదటి మూడు రోజులు ఫోన్‌లో లక్షణాలు వెతుక్కుంటూ గడిపేసి ఉంటారు. లక్షణాలు రావాల్సిన సమయం అది కాదు, మందు వేసుకోవాల్సిన సమయం అది.

సరే, గడువు దాటాక వచ్చిన నెగెటివ్‌ను ఎంత నమ్మవచ్చు? ఇంకో చిన్న లెక్క. ఒకతను ఎవరితో కలిశాడో ఆ వర్గంలో వందకు ఇద్దరికి హెచ్‌ఐవీ ఉందనుకుందాం. అది ఎక్కువే. దేశంలో వయోజనుల్లో ఇది దాదాపు 0.2 శాతం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఆ సగటు కంటే ఎక్కువ ఉన్నా ఒక శాతం లోపే. వందకు ఇద్దరు, 10,000కు 4 కలిపి గుణిస్తే పది లక్షల్లో 8. పరీక్ష 200 కేసుల్లో ఒకటి తప్పిపోయేంత బలహీనమైనదే అనుకున్నా, నెగెటివ్ తర్వాత మిగిలే అవకాశం పది కోట్లలో 4. దీన్ని ఇంకా తగ్గించడానికి మూడో ల్యాబ్, నాలుగో ల్యాబ్ అక్కర్లేదు. ప్రతి పరీక్షా రెండు రోజుల ప్రశాంతత ఇస్తుంది, మూడో రోజు అనుమానం మళ్లీ తలెత్తుతుంది. మద్యం అలవాటు ఎలా పనిచేస్తుందో ఇదీ అలాగే పనిచేస్తుంది.

పైగా ఎక్కువ పరీక్షలంటే ఎక్కువ తప్పుడు పాజిటివ్‌లు కూడా. 10,000 మందిలో 20 మందికి హెచ్‌ఐవీ ఉందనుకోండి. లేనివాళ్లలో 200 మందికి ఒకరిని పొరపాటుగా పాజిటివ్ అనే పరీక్ష పెడితే దాదాపు 50 మంది అకారణంగా దొరికిపోతారు. అంటే మొదటి పరీక్షలో పాజిటివ్ వచ్చిన 70 మందిలో నిజంగా ఉన్నవాళ్లు 20 మందే. అందుకే మన జాతీయ కార్యక్రమంలో మూడు వేర్వేరు పరీక్షల్లోనూ రియాక్టివ్ వస్తే తప్ప పాజిటివ్ అని రాసివ్వరు. ప్రైవేటు ల్యాబ్ నుంచి ‘రియాక్టివ్’ అన్న ఒక్క కాగితం పట్టుకుని రైలు పట్టాల వైపు నడవబోయేవాళ్లకు ఈ విషయం తెలియాలి.

పరీక్ష దేన్ని పట్టుకుంటుందన్న ప్రశ్నకు సైన్స్ చరిత్రలో ఒక మంచి కథ ఉంది. 1906లో జర్మనీలో ఆగస్ట్ ఫన్ వాసర్‌మన్, ఆయన సహచరులు సిఫిలిస్‌కు మొదటి రక్తపరీక్ష కనిపెట్టారు. సిఫిలిస్‌తో చనిపోయి పుట్టిన శిశువుల కాలేయం నుంచి తీసిన సారం అందులో ముఖ్యమైన సరుకు. ఆ సారంలో సిఫిలిస్ క్రిమి ఉంది కాబట్టే పరీక్ష పనిచేస్తోందనుకున్నారు. కొద్దిరోజుల్లోనే తేలిందేమిటంటే, జబ్బు లేని కణజాలం వాడినా, చివరికి ఎద్దు గుండె సారం వాడినా పరీక్ష బ్రహ్మాండంగా పనిచేస్తోంది! అది పట్టుకుంటున్నది క్రిమి మీద పుట్టిన యాంటీబాడీని కాదు, కణాలు దెబ్బతిన్నప్పుడు ఒక కొవ్వు పదార్థం మీద పుట్టే యాంటీబాడీని. ఆ పదార్థాన్ని 1941లో మేరీ పాంగ్‌బోర్న్ వేరుచేసి కార్డియోలిపిన్ అని పేరు పెట్టారు. ఇవాళ మన ప్రభుత్వాసుపత్రుల్లో చేసే వీడీఆర్‌ఎల్ పరీక్ష దాని వారసురాలే. కాబట్టి మలేరియా, కుష్ఠు, లూపస్ లాంటివి ఉన్నా, ఒక్కోసారి గర్భంతో ఉన్నా అది పాజిటివ్ రావచ్చు. అప్పుడు టీపీహెచ్‌ఏ లాంటి పరీక్షతో నిర్ధారిస్తారు. ఆ టీపీహెచ్‌ఏ చికిత్స పూర్తయి జబ్బు నయమైనా చాలామందిలో జీవితాంతం పాజిటివ్‌గానే ఉంటుంది. పరీక్షలు రెండూ తప్పు చెప్పడం లేదు. ఒక్కోటి వేరే ప్రశ్నకు జవాబిస్తోంది.

ఈ వెలుగులో చూస్తే ‘కంప్లీట్ ఎస్‌టీడీ ప్యాకేజీ’ పేరుతో ల్యాబ్‌లు అమ్ముతున్న సరుకు నాకు కోపం తెప్పిస్తుంది. అందులో తరచూ హెర్పిస్ ఐజీఎమ్, ఐజీజీ ఉంటాయి. హెర్పిస్ ఐజీఎమ్ కొత్త ఇన్ఫెక్షన్‌నీ పాతదాన్నీ వేరుచేయలేదు, తప్పుడు పాజిటివ్‌లు ఎక్కువ. లక్షణాలు లేనివాళ్లకు హెర్పిస్ రక్తపరీక్ష చేయవద్దని అమెరికా సీడీసీ కూడా చెబుతోంది. ఇక హెర్పిస్ మొదటి రకం వైరస్ ప్రపంచంలో యాభై ఏళ్ల లోపువాళ్లలో దాదాపు మూడింట రెండు వంతుల మందికి ఉందని డబ్ల్యూహెచ్‌వో అంచనా. వాళ్లలో చాలామందికి అది చిన్నప్పుడు ముద్దుల ద్వారా, ఎంగిలి ద్వారా వచ్చిందే. అలాంటి పరీక్షను భయంతో వణుకుతున్న మనిషికి అమ్మి, ‘పాజిటివ్’ అని ఎర్ర అక్షరాల్లో వాట్సాప్‌లో పంపేసి చేతులు దులుపుకోవడం వ్యాపారం. వైద్యం అనడానికి నాకు నోరు రాదు.

వ్యాపారం అక్కడితో ఆగదు. ఏ ఊరి బస్టాండ్ గోడ చూసినా ‘గుప్తరోగాలు, నరాల బలహీనత, ఖచ్చితమైన చికిత్స’ అన్న రాతలు కనిపిస్తాయి. ఫలానా తేదీన ఫలానా లాడ్జిలో కలవండి అంటారు. ఈ భయానికి మన దేశంలో పాత చుట్టం ఒకటుంది. వీర్యం పోతే సత్తువ పోతుందన్న ఆందోళనతో వచ్చే నీరసం, ఒళ్లునొప్పులకు ధాత్ సిండ్రోమ్ అని 1960లో మానసిక వైద్యుడు నరేంద్రనాథ్ విగ్ పేరు పెట్టారు. లాడ్జి వైద్యులకు రెండు భయాలూ ఒకే గల్లాపెట్టెలో పడతాయి. అటు వెళ్లనివాళ్లు మెడికల్ షాపుకు వెళ్లి అజిత్రోమైసిన్ కొని మింగుతారు. దానితో నిజంగా ఉన్న గనేరియా సగం అణగి, పరీక్షకు దొరక్కుండా, మందుకు లొంగని రకంగా మారే దారి ఏర్పడుతుంది. ఇప్పటికే గనేరియా ఒకదాని తర్వాత ఒకటిగా పెన్సిలిన్‌నూ, టెట్రాసైక్లిన్‌నూ, సిప్రోఫ్లాక్సాసిన్‌నూ ఓడించింది.

జనం లాడ్జికి ఎందుకు వెళ్తారో కూడా ఒప్పుకోవాలి. క్లినిక్‌లో మొదటి ప్రశ్న ‘పెళ్లయిందా?’ అని వస్తుంది, పక్కన నలుగురు వింటుండగా. ఆ తర్వాత ఒక చిన్న ఉపన్యాసం. సుఖవ్యాధి అన్న మన మాటలోనే తీర్పు ఉంది: సుఖపడ్డావు, అనుభవించు. నిజానికి చట్టం రోగి పక్షాన ఉంది. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం మనిషి అంగీకారం లేకుండా హెచ్‌ఐవీ పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. ప్రభుత్వాసుపత్రుల్లోని ఐసీటీసీ కేంద్రాల్లో పరీక్షకు ముందూ తర్వాతా కౌన్సెలర్ మాట్లాడతారు, పరీక్ష ఉచితం. లైంగిక వ్యాధులకు సురక్ష క్లినిక్‌లు ఉన్నాయి. 1097 నంబర్‌కు ఫోన్ చేస్తే పేరు చెప్పకుండానే అడగవచ్చు. నాకు రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టే బదులు అక్కడ అడిగితే వాళ్లకు మేలు.

సురక్ష క్లినిక్‌లలో పద్ధతి మరోలా ఉంటుంది. ల్యాబ్ పరీక్షలు అన్నిచోట్లా అందవు కాబట్టి లక్షణాల గుంపును బట్టి రంగురంగుల మందుల కిట్లు ఇస్తారు. పురుషాంగం నుంచి చీము వస్తే బూడిదరంగు కిట్. పేద దేశానికి తెలివైన ఏర్పాటే. కానీ దాని బలహీనత కూడా అక్కడే ఉంది. లక్షణం ఉంటేనే కిట్. లక్షణం లేని మనిషి ఆ వలలో పడడు.

ఆ లక్షణం లేని మనిషి ఎవరన్నదే ఈ మొత్తం విషయంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది. ప్రపంచంలో నయం చేయగల నాలుగు లైంగిక వ్యాధులు ఏడాదికి 37 కోట్లమందికి పైగా కొత్తగా సోకుతున్నాయని డబ్ల్యూహెచ్‌వో 2020 అంచనా. వాటిలో ఎక్కువ శాతం ఏ లక్షణమూ చూపవు. క్లమీడియా, గనేరియా సోకిన స్త్రీలలో చాలామందికి ఏమీ తెలియదు. తెలిసినా తెల్లబట్ట అవుతోందనో, పొత్తికడుపు నొప్పి అనో అనుకుంటారు, ‘వేడి చేసింది’ అని మజ్జిగ తాగి ఊరుకుంటారు. చికిత్స లేకపోతే అది గర్భాశయం దాటి ఫాలోపియన్ నాళాల్లోకి పాకి, వాటిని మూసేసి, పిల్లలు పుట్టకపోవడానికో ప్రాణాంతకమైన నాళ గర్భానికో దారితీయవచ్చు. గర్భిణికి సిఫిలిస్ ఉంటే బిడ్డ కడుపులోనే చనిపోవచ్చు. సరైన సమయంలో ఇచ్చే బెంజతీన్ పెన్సిలిన్ ఇంజెక్షన్ దాన్ని ఆపగలదు.

ఇప్పుడు మళ్లీ ఆ సందేశాలు తలుచుకోండి. రాసేవాళ్లు దాదాపు అందరూ మగవాళ్లు, సగం మందికి పెళ్లయింది. నాలుక మీద పూత గురించి రెండు పేజీలు ఉంటుంది. ఇంట్లో ఉన్న మనిషి గురించి ఒక్క వాక్యం: ‘మా ఆవిడకు తెలిస్తే చచ్చిపోతా.’ ఆమె ఫలానా రాత్రి అంటూ దేన్నీ లెక్కపెట్టలేదు, ఎందుకంటే ఆమెకు ఆ రాత్రి గురించే తెలియదు. ఆమెకు విండో పీరియడ్ ఎప్పుడు మొదలైందో చెప్పగలిగింది ఆయన ఒక్కడే. కనుక నేను జవాబిచ్చేటప్పుడు మూడు ప్రశ్నలు అడిగి, నాలుగోది కూడా అడుగుతాను: పరీక్షలు పూర్తయ్యేదాకా ఇంట్లో కండోమ్ వాడుతున్నారా? చాలామంది ఆ ప్రశ్న తర్వాత జవాబివ్వరు. మీకు గనేరియానో క్లమీడియానో ఉందని తేలి మీరొక్కరే మందు వేసుకుంటే, ఆమె నుంచి అది మళ్లీ మీకే వస్తుంది. భాగస్వామికి కూడా చికిత్స ఇవ్వాలని మన మార్గదర్శకాలూ చెబుతున్నాయి. ఎలా చెప్పాలో తెలియకపోతే ఆ మాట ఎలా మొదలుపెట్టాలో నేర్పడం ఐసీటీసీ కౌన్సెలర్ పనిలో భాగమే.

గడువులన్నీ దాటి, సరైన పరీక్షలన్నీ నెగెటివ్ వచ్చి, అయినా మంట పోనివాళ్లూ ఉంటారు. వాళ్లను వదిలేయకూడదు. షుగర్ ఉంటే జననాంగాల మీద ఫంగస్ వస్తుంది. అక్కడ వరుసగా కనిపించే చిన్న ముత్యాల్లాంటి బొడిపెలు చాలామంది మగవాళ్లకు మామూలుగా ఉండే ఒంటితీరులో భాగమే, డాక్టర్ ఒక్కసారి చూస్తే తేలిపోతుంది. కటి కండరాలు బిగుసుకుంటే నెలల తరబడి నొప్పి ఉంటుంది, దానికి ఫిజియోథెరపీ ఉంది. ఇవేవీ కాక, నిద్రపట్టక, పనిమీద మనసు నిలవక, రోజుకు పదిసార్లు అద్దంలో నాలుక చూసుకుంటుంటే అది ఆందోళన రుగ్మత. అదీ నయమయ్యే జబ్బే. టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలనిపిస్తుంటే ఆ నంబర్‌కు ఇప్పుడే చేయండి, రిపోర్టు కోసం ఆగవద్దు.

నేను కోరేది పెద్ద పథకమేమీ కాదు. ల్యాబ్ రిపోర్టు మీద మరో వాక్యం. రక్తం తీసిన తేదీ నుంచి విండో పీరియడ్ వెనక్కి లెక్కగట్టి, ‘ఈ ఫలితం ఫలానా తేదీకి ముందు జరిగిన వాటికే వర్తిస్తుంది, ఆ తర్వాతి వాటికి ఫలానా తేదీ దాటాక మళ్లీ పరీక్ష చేయించుకోండి’ అని తెలుగులో రాస్తే చాలు. కంప్యూటర్‌కు ఇది ఒక కూడిక, ఒక తీసివేత. ‘ఈ రిపోర్టు కోర్టు వ్యవహారాలకు చెల్లదు’ అని చాలా ల్యాబ్‌లు కాగితం అడుగున ఎలాగూ ఒక వాక్యం అచ్చువేస్తున్నాయి. దాని పైన ఇంకో గీతకు చోటుంది.